వాలుకోతలో ఉన్నది కిటుకు



ఈ నెల ఒక వడ్రంగి ఇంట్లో వచ్చిన చిక్కును గురించి చెప్పుకుందాం. ఎనిమిదో తరగతి చదివే ఒక కుర్రవాడు నాకు ఉత్తరం రాశాడు. అందులోని సంగతి ఇది:

"మాస్టారూ, మా నాన్న తలుపులూ, అలమారలూ చేస్తాడు. ఈమధ్య చెక్కలు నున్న చేసే చిన్న డ్రమ్ము యంత్రం ఒకటి పాతది కొన్నాడు. దాని డ్రమ్ముకు ఉప్పుకాగితం పట్టీ చుట్టాలి. సిద్ధంగా కోసిన పట్టీలు మా ఊళ్ళో దొరకవు. పెద్ద చుట్ట తెచ్చుకుని మేమే కోసుకోవాలి. మొదటిసారి కోసిన పట్టీకి వరసల మధ్య రెండు వేళ్ళు పట్టేటంత సందు వచ్చింది. రెండోసారి కొసను ఇంకా పొడుగ్గా కోశాం. ఈసారి వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. అయినా ఫరవాలేదనుకుని పని మొదలుపెట్టాం. టేకు పలక మీద నల్లటి చారలు పడ్డాయి. పట్టీ చిరిగిపోయింది. ఆ పలక వేరేవాళ్ళ తలుపుకోసం తెచ్చినది. నాన్న తన డబ్బు పెట్టి మరో పలక కొనవలసి వచ్చింది. చుట్టలో ఇంక ఒక్క పట్టీకి సరిపోయేటంతే మిగిలింది. దాన్ని తప్పు లేకుండా కొయ్యటానికి లెక్క ఏమైనా ఉన్నదా?"

కుర్రవాడు బుద్ధిమంతుడు. కొలతలన్నీ రాశాడు. డ్రమ్ము చుట్టుకొలత 25 సెం.మీ., పొడుగు 28 సెం.మీ., పట్టీ వెడల్పు 7 సెం.మీ. మొదటిసారి కొసను కోసిన వాలుగీత 20 సెం.మీ., రెండోసారి కోసినది 30 సెం.మీ.

ఉన్నది నాయనా, లెక్క ఉన్నది. నీ ఉత్తరంలోనే ఉన్నది. ఐతే అది నీ ఒక్కడికే చెప్పటం ఎందుకు? అందరం కలిసి తెలుసుకుందాం.

ముందుగా ఈ యంత్రం ఎట్లా పనిచేస్తుందో చూడండి. అప్పడాల కర్రకు ఉప్పుకాగితం చుట్టి, దాన్ని గిరగిరా తిప్పుతున్నారనుకోండి. దాని కిందినుంచి ఒక పలకను మెల్లిగా నెట్టుకుంటూ పోతే పలక పైభాగమంతా ఒకే మట్టానికి అరిగి నున్నగా అవుతుంది. డ్రమ్ము యంత్రం చేసే పని ఇదే. డ్రమ్ము నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరుగుతుంది. కింద నడిచే బెల్టు పలకను నెమ్మదిగా ముందుకు తీసుకుపోతుంది. చేత్తో గంటసేపు రుద్దవలసిన పలక కొద్ది నిమిషాలలో తయారవుతుంది.

మరి పట్టీని ఏటవాలుగా మెలికలు తిప్పి చుట్టటం ఎందుకు? డ్రమ్ముకు సరిపోయే దీర్ఘచతురస్రం ఒకటి కోసి చుట్టేస్తే పోదా? పోదు. అట్లా చుడితే రెండు అంచులు కలిసే అతుకు డ్రమ్ము పొడుగునా ఒక నిలువుగీతలాగా ఉంటుంది. డ్రమ్ము తిరిగిన ప్రతిసారీ ఆ అతుకు మొత్తం ఒక్క పెట్టున పలకకు తగులుతుంది. ఏటవాలుగా చుట్టిన పట్టీకి కూడా అతుకు ఉన్నది, కాని అది మరచుట్టులాగా తిరిగి ఉంటుంది. ఏ క్షణానికి చూసినా అతుకులో కొన్ని చుక్కలు మాత్రమే పలకను తాకుతాయి. పైగా ఈ పట్టీని రెండు కొసల దగ్గర పట్టుకుని బిగించవచ్చు. జిగురు అక్కరలేదు. అరిగిపోయినప్పుడు విప్పి కొత్తది చుట్టుకోవచ్చు.

ఇటువంటి చుట్టును మీరు చూసే ఉంటారు. బట్టల దుకాణంలో తాను చుట్టే అట్టగొట్టాన్ని ఒకసారి పరీక్షగా చూడండి. దాని మీద ఏటవాలుగా ఒక గీత పైనుంచి కిందిదాకా తిరుగుతూ పోతుంది. ఆ గీత వెంబడి నీటితో తడిపి మెల్లిగా విప్పితే గొట్టం కాస్తా పొడుగాటి అట్టపట్టీ అయిపోతుంది. ఆ పట్టీ రెండు కొసలూ ఏటవాలుగా తెగి ఉంటాయి. అంటే అది సమాంతర చతుర్భుజం. డ్రమ్ముకు కావలసిన పట్టీ ఆకారం కూడా అదే.

ఇప్పుడు అసలు ప్రశ్న. కొసను ఎంత వాలుగా కొయ్యాలి?

ఇక్కడ కొంచెం నిదానంగా ఆలోచించండి. పట్టీ కొసను వాలుగా కోశాం. ఆ కోసిన అంచును డ్రమ్ము అంచుకు సరిగ్గా ఆనించి చుట్టటం మొదలుపెట్టాం. కోసిన అంచు డ్రమ్ము అంచు వెంబడే గుండ్రంగా తిరుగుతూ వస్తుంది. డ్రమ్ము ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి కోసిన అంచు కూడా పూర్తి అయిపోవాలి. అప్పుడే పట్టీ రెండో వరస మొదటి వరస పక్కకు వచ్చి, వెంట్రుకైనా దూరకుండా దాని అంచుకు ఆనుకుంటుంది. కోసిన అంచు పొట్టిగా ఉంటే చుట్టు పూర్తి కాకముందే అది అయిపోతుంది. పట్టీ తొందరపడి పక్కకు జరిగిపోతుంది, సందు వస్తుంది. కోసిన అంచు మరీ పొడుగ్గా ఉంటే చుట్టు పూర్తి అయినా అది ఇంకా మిగిలే ఉంటుంది. పట్టీ తన మీదికి తానే ఎక్కుతుంది.

కాబట్టి సూత్రం ఒక్క ముక్కలో చెప్పవచ్చు: వాలుగీత పొడుగు డ్రమ్ము చుట్టుకొలతకు సరిగ్గా సమానంగా ఉండాలి. అంతే!

మన కుర్రవాడి డ్రమ్ము చుట్టుకొలత 25 సెం.మీ. అతను మొదట కోసినది 20. అది పొట్టి. నేను లెక్క వేసి చూశాను. వరసల మధ్య డ్రమ్ము పొడుగు వెంబడి కొలిస్తే దాదాపు 1.9 సెం.మీ. సందు రావాలి. వచ్చింది. రెండోసారి కోసినది 30. అది పొడుగు. ప్రతి వరసా ముందు వరస మీదికి సుమారు 1.2 సెం.మీ. ఎక్కాలి. ఎక్కింది. చూశారా! పట్టీ ఎక్కడా మొండికెయ్యలేదు. కోసినదాన్నిబట్టి ఎట్లా కూర్చోవాలో అట్లాగే కూర్చున్నది.

ఇక నల్లటి చారల సంగతి. ఈ యంత్రంతో ఒకసారికి పావు మిల్లీమీటరుకు మించి చెక్కను తియ్యరాదు. గుడ్డ మీద అంటించిన గరుకుపట్టీ దళసరి మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. ఒక వరస మీద మరో వరస ఎక్కితే అక్కడ మిల్లీమీటరు ఎత్తున గట్టు లేస్తుంది. అప్పుడు పలకకు తగిలేది ఆ గట్టు ఒక్కటే. మిగతా పట్టీ గాలిలోనే తిరుగుతూ ఉంటుంది. డ్రమ్ము అంతా పంచుకోవలసిన రాపిడి ఆ సన్నని గట్టు మీదే పడుతుంది. చలికాలంలో అరచేతులు రుద్దుకుంటే వెచ్చబడటం లేదూ? ఇక్కడ ఆ వేడి చెక్కను కమిలించేటంత అవుతుంది. లేచి ఉన్న అంచు పలకకు కొట్టుకుని కొట్టుకుని చిరుగుతుంది. వెంట్రుకవాసి సందు ఉంటే యంత్రం ఓర్చుకుంటుంది గాని, ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఓర్చుకోదు.

ఈ సూత్రాన్ని నేను చెప్పానని నమ్మకండి. మీరే చేసి చూడండి. గుండ్రని డబ్బా ఒకటి తీసుకోండి. దాని చుట్టూ దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టి కొలవండి. అది చుట్టుకొలత. తరవాత పాత వార్తాపత్రికనుంచి ఒకే వెడల్పుగల పట్టీలు మూడు కొయ్యండి. ఒకదాని కొసను చుట్టుకొలతకన్న తక్కువ వాలుగీతతోనూ, రెండోదాన్ని సరిసమానమైన వాలుగీతతోనూ, మూడోదాన్ని ఎక్కువ వాలుగీతతోనూ కోసి, ఒక్కొక్కటే డబ్బాకు చుట్టండి. మొదటిదానికి సందు వస్తుంది, మూడోది ఎక్కుతుంది, రెండోది డబ్బాకు చొక్కా తొడిగినట్టు కూర్చుంటుంది.

వాలుగీత గియ్యటానికి కోణమానిని కూడా అక్కరలేదు. పట్టీ కింది అంచు మీద ఒక చుక్క పెట్టి, స్కేలు సున్నాను ఆ చుక్క దగ్గర ఆనించండి. సున్నాను కదలనివ్వకుండా స్కేలును మెల్లిగా తిప్పుతూ పోండి. 25 అనే గుర్తు పై అంచును తాకినచోట ఆగి గీత గియ్యండి. వాలుకోత సిద్ధం.

ఇప్పుడు ఒక చిత్రం చూడండి. కింది చుక్కకు సరిగ్గా నిట్టనిలువుగా పై అంచు మీద మరో చుక్క పెట్టండి. అక్కడినుంచి వాలుగీత తాకిన చోటుదాకా కొలవండి. సరిగ్గా 24 సెం.మీ. వస్తుంది! పట్టీ వెడల్పు 7, ఈ దూరం 24, వాలుగీత 25. ఇది లంబకోణ త్రిభుజం. 7ను 7తో గుణిస్తే 49, 24ను 24తో గుణిస్తే 576. రెండూ కలిపితే 625. అది 25ను 25తో గుణించినంత. మీ పాఠ్యపుస్తకంలో ఉన్న కర్ణం లెక్క వడ్రంగి బల్ల మీదికి వచ్చి కూర్చున్నది.

ఈ 7, 24ల జంట మనవాళ్ళకు చాలా పాత చుట్టం. క్రీస్తుకు పూర్వం ఎన్నో శతాబ్దాల కిందటిదైన బౌధాయన శుల్బసూత్రంలో ఇటువంటి జంటలను వరసగా చెప్పారు. అందులో 3, 4 ఉన్నవి, 5, 12 ఉన్నవి, 7, 24 కూడా ఉన్నవి. శుల్బం అంటే తాడు. యజ్ఞవేదికల ఇటికలు పేర్చేవారు తాళ్ళతో కొలిచి మూలమట్టాలు తెచ్చుకునేవారు. ఇందాక మీరు డబ్బాకు చుట్టిన దారం కూడా అటువంటి కొలతతాడే.

మరి పట్టీ ఎంత పొడుగు కావాలి? అదీ కష్టం కాదు. డ్రమ్ము పైభాగాన్ని చాపలాగా పరిచామనుకోండి. అది 28 సెం.మీ. పొడుగూ, 25 సెం.మీ. వెడల్పూ గల దీర్ఘచతురస్రం. దాని వైశాల్యం 700 చదరపు సెం.మీ. దాన్నంతా 7 సెం.మీ. వెడల్పుగల పట్టీ కప్పాలి. 700ను 7తో భాగిస్తే 100. కనక పట్టీ ప్రతి నిలువు అంచూ 100 సెం.మీ. ఉండాలి. రెండో కొస కూడా మొదటిదానికి సమాంతరంగానే వాలి ఉంటుంది కాబట్టి, ఈ మొననుంచి ఆ మొనదాకా మొత్తం పొడుగు 100 + 24, అంటే 124 సెం.మీ. అవుతుంది. దీనికి తోడు రెండు మొనల దగ్గరా క్లిప్పులోకి దూరటానికి తోక వదలాలి. ఆ తోక ఎంత ఉండాలో ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క రకం. క్లిప్పు దగ్గర కొలుచుకోవాలి.

చుట్టలో ఒక్క పట్టీకి సరిపోయేటంతే మిగిలి ఉంటే దానికి వెంటనే కత్తెర పెట్టరాదు. ముందు వార్తాపత్రిక ముక్కలు అతికించి, ఇవే కొలతలతో కాగితం పట్టీ ఒకటి చేసి డ్రమ్ముకు చుట్టి చూడాలి. కాగితం సరిగ్గా కూర్చున్న తరవాత దాన్ని నమూనాగా పెట్టుకుని అసలు పట్టీ కొయ్యాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. గీత గీసేదీ, కోసేదీ పట్టీ నున్నని వీపు వైపునుంచి. గరుకు వైపు కోస్తే కత్తి మొండిపోతుంది. కాని వీపు మీద గీసినప్పుడు, అద్దంలో చూసినట్టు వాలు కుడి ఎడమలు మారుతుంది. అందుకని కాగితం పట్టీ బయటివైపున "పైకి" అని రాసుకోండి. నమూనాను గుడ్డ మీద పరిచేటప్పుడు ఆ మాట గుడ్డకు ఆనుకుని ఉండాలి. ఈ ఒక్కటీ మరిచిపోతే కొలతలన్నీ సరిగ్గా ఉన్నా పట్టీ తిరగబడి చుట్టుకుంటుంది.

పట్టీ బిగించే పని పెద్దలది. పిల్లలు పక్కన నిలబడి కొలతలు చదవవచ్చు. మొట్టమొదట మిషను ప్లగ్గు గోడనుంచి ఊడదియ్యాలి. మీట ఆపితే చాలదు. పాత పట్టీ విప్పి, డ్రమ్ము మీది దుమ్మంతా తుడవాలి. కింద ఒక్క ఇసకరవ్వ మిగిలినా పైన పట్టీ అక్కడ ఉబ్బుతుంది. కొత్త పట్టీ మొనను ఒక చివర క్లిప్పులో పెట్టి, కోసిన అంచును డ్రమ్ము అంచుకు ఆనించి, ఒక చేత్తో డ్రమ్మును తిప్పుతూ రెండో చేత్తో పట్టీని బిగువుగా లాగి పట్టుకుంటూ చుట్టాలి. రెండో మొన అవతలి క్లిప్పులోకి పోతుంది. చాలా యంత్రాలలో ఆ క్లిప్పుకు స్ప్రింగు ఉంటుంది. పని చేసేటప్పుడు పట్టీ వేడెక్కి కొద్దిగా సాగుతుంది. ఆ వదులును స్ప్రింగు లోపలికి లాగేసుకుంటుంది. స్ప్రింగు లేని యంత్రమైతే రెండు మూడు పలకలు నడిపిన తరవాత ఆపి, ప్లగ్గు తీసి, మళ్ళీ బిగించుకోవాలి.

ఇక పట్టీ వీపు మీద ఉండే 60, 80, 120 అనే అంకెలు రవ్వ ఎంత సన్ననో చెబుతాయి. అంగుళానికి ఇంచుమించు అన్ని కన్నులున్న జల్లెడలోనుంచి దిగిన రవ్వ అని వాటి భావం. రవ్వ ఇడ్లీకి ఒక జల్లెడా, మైదాకు ఒక జల్లెడా ఉన్నట్టే ఇదీను. అంకె పెరిగినకొద్దీ రవ్వ సన్నబడుతుంది. ముందు 80తో మొదలుపెట్టి, తరవాత 120, ఆ తరవాత 150 వాడాలి. ఒక్కసారిగా 60నుంచి 180కి దూకితే ముతకరవ్వ గీసిన గీతలను సన్నరవ్వ చెరపలేదు.

పేరుకు ఉప్పుకాగితమైనా అందులో ఉప్పు లేదు. ఎక్కువ పట్టీలలో ఉండే గోధుమరంగు రవ్వ అల్యూమినియం ఆక్సైడు. బాక్సైటు ఖనిజాన్ని విద్యుత్ కొలిమిలో కరిగించి దీన్ని తయారు చేస్తారు. భూమిలో సహజంగా దొరికే దీని తోబుట్టువును మన నిఘంటువులు కురువిందం అంటాయి. ఇంగ్లీషువారి "కొరండం" అనే మాట మన దక్షిణదేశపు భాషలనుంచి పోయినదే. కెంపులూ, నీలాలూ కూడా ఈ జాతివే. రాణిగారి ఉంగరంలోని కెంపుకూ, వడ్రంగి డ్రమ్ము మీది రవ్వకూ ఒకటే వంశం!

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ యంత్రం నడుస్తుండగా పిల్లలను దగ్గరకు రానివ్వకండి. పలక ఒక్కొక్కసారి వెనక్కు తన్నుతుంది కనక పెద్దలు కూడా దానికి సూటిగా నిలబడరాదు. వేలాడే కండువా, వదులు చేతుల చొక్కా పనికిరావు. చెక్కపొడి ఊపిరితిత్తులకు చాలా చెరుపు చేస్తుంది. ముక్కుకు మంచి మాస్కూ, మిషనుకు పొడిని పీల్చే గొట్టమూ తప్పనిసరి. ఇంకొక సంగతి. ఇంట్లో ఏదైనా కొలిచే పని వచ్చినప్పుడు "నీకెందుకు, అవతలికి పో" అనకుండా పిల్లవాడి చేతికి టేపు ఇవ్వండి. తను కొలిచిన కొలతతో ఒక పట్టీ సరిగ్గా కూర్చోవటం కళ్ళారా చూసిన పిల్లవాడికి కర్ణం లెక్క జన్మలో మరుపుకు రాదు.

బాలలూ, చెయ్యి ఎంత నేర్పుగలదైనా అంచనాకు కోస్తే ఒకసారి పొట్టి అవుతుంది, ఒకసారి పొడుగు అవుతుంది. ఇంక ఒక్క పట్టీకే సరిపడా ఉన్నప్పుడు అంచనా మీద ఆధారపడటానికి వీలు లేదు. ఒక దారమూ, ఒక స్కేలూ, పాత కాగితమూ ఉంటే ఆ ఒక్క పట్టీ చాలు.

ఈ నెల లెక్క: ఒక డ్రమ్ము చుట్టుకొలత 37 సెం.మీ., పొడుగు 48 సెం.మీ. పట్టీ వెడల్పు 12 సెం.మీ. కొసను కోసే వాలుగీత ఎంత? నిలువు చుక్కనుంచి వాలుగీత తాకిన చోటుదాకా దూరం ఎంత? తోకలు కాక, మొననుంచి మొనదాకా పట్టీ మొత్తం పొడుగు ఎంత? ముందు లెక్క వెయ్యండి. తరవాత కాగితం కోసి సరిచూసుకోండి. జవాబు వచ్చే నెల.